నిప్పురవ్వయే ఉలి

ఒక వస్తువును చెక్కవలెనన్న దానికంటె గట్టి పనిముట్టు కావలయునని లోకానుభవము. ఉక్కు ఉలి కొయ్యను చెక్కును. మరి ఉక్కునే లెక్కసేయని కఠిన లోహమును దేనితో మలచవలెను?

విద్యుత్తు ఒక లోహమునుండి మరియొక లోహమునకు దుమికినపుడు రవ్వ పుట్టును. ఆ రవ్వ లోహమును తినివేయునని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్రీస్ట్లీ 1770 ప్రాంతమున గమనించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సోవియట్ దేశమునందు ఈ రవ్వలే పెద్ద చిక్కు తెచ్చిపెట్టెను. ఇంజనులలో విద్యుత్తును కలుపుచు విడదీయుచుండు టంగ్‌స్టన్ మొనలు రవ్వల తాకిడికి అరిగి చెడుచుండెను. ఆ అరుగుదలను మాన్పుటకై బోరిస్ లజరెంకో, నటాలియా లజరెంకో అను శాస్త్రజ్ఞ దంపతులు మొనలను నూనెలో ముంచి పరీక్షించిరి. అరుగుదల ఆగలేదు, కాని రవ్వలు మునుపటికంటె క్రమముగా పుట్టసాగెను. ఆపలేని అరుగుదలను అదుపునందుంచినచో అదియే పనికి వచ్చునని వారికి తోచెను. 1943లో రవ్వలతో లోహమును మలచు పద్ధతిని వారు రూపొందించిరి.

ఈ పద్ధతిలో పనిముట్టును రాగితోగాని గ్రాఫైటుతోగాని చేయుదురు. దానిని, మలచవలసిన లోహమును, సామాన్యముగా విద్యుత్తును సాగనీయని నూనెలో ఉంచుదురు. రెండింటి నడుమ వెండ్రుక మందమంతటి ఎడముండును. అవి ఒకదానినొకటి తాకవు. విద్యుత్తును ప్రయోగింపగనే ఆ ఎడమున సెకనుకు వేలకొలది రవ్వలు పుట్టి ఆరుచుండును. రవ్వ వేడిమి 8,000 డిగ్రీల సెంటీగ్రేడును మించుచుండును. అది సోకినచోట లోహము కణమాత్రము కరగి ఊడిపోవును. నూనె ఆ నలుసులను కడిగివేయును. తుదకు పనిముట్టు ఆకారమునకు సరిపడు గుంట లోహమున ఏర్పడును.

ఇందు కరగించుటయే కాని కోయుట లేదు. కావున లోహమెంత గట్టిదైనను మెత్తని రాగికి లొంగును. ఒత్తిడి లేనందున పలుచని భాగములు వంగవు. ఉక్కును ముందు మలచి, పిదప కాల్చి గట్టిపరచినచో ఆకారము చెడవచ్చును. ఈ పద్ధతిలో గట్టిపరచిన పిమ్మటనే మలచవచ్చును. విమానపు ఇంజనులలోని టర్బైను రెక్కలకు చల్లగాలి పోవు సన్నని రంధ్రములను ఇట్లు చేయుదురు. ప్లాస్టిక్ వస్తువుల అచ్చులును ఇట్లే తయారగును.

లోపములును లేకపోలేదు. పని నెమ్మదిగా సాగును. పనిముట్టును కొంత అరుగును. విద్యుత్తు ప్రసరింపని వస్తువుపై ఈ పద్ధతి పనిచేయదు.

అయినను, యంత్రములను చెరచిన రవ్వయే యంత్రభాగములను మలచు ఉలియయ్యెను. కీడును చూచి వెరవక, దాని స్వభావము నెరిగి మేలునకు త్రిప్పుకొనుటయే విజ్ఞానము.