వానాకాలంలో తలుపు ఎందుకు పడుతుంది?

మిత్రులారా! వానలు రాగానే మన గది తలుపు గుమ్మానికి పట్టేస్తోంది. చిన్న తరగతుల తమ్ముళ్లు రాత్రిపూట తీయలేక అవస్థ పడుతున్నారు. కారణం సైన్సులోనే ఉంది. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. పొడవు దాదాపు పెరగదు, వెడల్పే పెరుగుతుంది.

మా ఊరి వడ్రంగి మామ దగ్గర నేను చూసిన పద్ధతి ఇది:

1. ముందు బందుల మరలు బిగించాలి.
2. అప్పటికీ పడితే గుమ్మం అంచుకు సుద్ద రాసి తలుపు వేసి తీయాలి. సుద్ద అంటినచోటే రాపిడి.
3. తలుపు ఊడదీసి అక్కడే చిత్రిక పట్టాలి. పై అంచయితే మూలల నుంచి మధ్యకే తోయాలి, లేకుంటే చివర చీలుతుంది.
4. 2, 3 మిల్లీమీటర్ల సందు చాలు. ఎండాకాలం చెక్క మళ్లీ కుంచించుకుంటుంది.
5. చెక్కినచోట రంగు వేయాలి, లేదంటే మళ్లీ తేమ పీలుస్తుంది.

వార్డెన్ గారూ, దయచేసి వడ్రంగిని పిలిపించండి. మిత్రులారా, అందాకా తలుపును తన్నకండి. తంతే బందులు ఊడతాయి గానీ తలుపు సన్నబడదు!