కాళేశ్వరం అభిషేకం: రెండు రికార్డింగులు ఒకే టైమ్‌లైన్‌లో కలపడం ఎలా?

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై యముడు, ముక్తేశ్వరుడు కొలువై ఉంటారు. ఆలయం వారి అనుమతితో అక్కడి అభిషేకాన్ని నేను రెండు రికార్డర్లతో తీస్తాను: ఒకటి మంత్రానికి, ఒకటి మంగళవాద్యానికి. కలిపేటప్పుడు రెండూ జరిగితే, మంత్రం మధ్యలో హారతి గంట మోగుతుంది. వినేవారి ధ్యాస అక్కడే తెగిపోతుంది.

అందుకే బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫైల్ వాడాలి. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1997లో తెచ్చిన ఫార్మాట్ ఇది. రికార్డింగ్ మొదలయ్యేసరికి అర్ధరాత్రి నుంచి ఎన్ని శాంపిల్స్ గడిచాయో ఫైల్‌లోనే రాసి ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్‌లో తెల్లవారుజామున 5 గంటలంటే 86,40,00,000.

1. ముందే రెండు రికార్డర్ల గడియారాలూ కలపండి.
2. రీపర్‌లో రెండు ఫైళ్లనూ వేర్వేరు ట్రాకుల్లో వేసి, సెలెక్ట్ చేయండి.
3. యాక్షన్ లిస్టులో ‘సోర్స్ ప్రిఫర్డ్ పొజిషన్’ అని వెతికి, రన్ చేయండి. ఫైళ్లు టైమ్‌లైన్‌లో 5 గంటల దగ్గరికి వెళ్తాయి, కంగారుపడొద్దు.
4. గడియారాల్లో సెకను తేడా ఉన్నా తెలిసిపోతుంది. రెండింట్లో వినిపించే ఒక గంట దెబ్బ చూసి సర్దండి.

ఫైల్‌ని ఎంపీ3గా పంపించుకోవద్దు, ఆ టైమ్ ముద్ర పోతుంది. కురవి వీరభద్రస్వామి సన్నిధిలో అయినా, పాలకుర్తి సోమేశ్వరుడి గుట్ట మీద అయినా ఇదే పద్ధతి. ఓం నమః శివాయ!