ఫాల్సిపరమ్: పలుకుబడి, అర్థము

భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్ల మండలముల అడవి గ్రామములలో వానకాలమున మన్యపు జ్వరపు భయము హెచ్చును. జ్వరము వచ్చినవాని వ్రేలినుండి ఆశా కార్యకర్త రక్తపుబొట్టు తీసి పరీక్షించును. మలేరియా బయటపడినచో చీటిపై 'పి.ఎఫ్.' అనియో, 'పి.వి.' అనియో వ్రాయుదురు. ఈ పొడి అక్షరముల వెనుకనున్న పేర్లను నేడు నేర్చుకొందము.

పి.ఎఫ్. అనగా ప్లాస్మోడియమ్ ఫాల్సిపరమ్. మొదటి మాటను ప్లాస్ - మో - డి - యమ్ అని విడదీసి, 'మో'పై ఊనిక నుంచి పలుకవలెను. రెండవది ఫాల్ - సి - ప - రమ్. ఇందు ఊనిక 'సి'పై నుండును. వ్రాతలో 'ల్సి' ఒకే అక్షరమైనను, పలుకులో 'ల్' ముందరి 'ఫా'తో చేరును. 'అమ్మ'ను మనము అమ్ - మ అని పలుకుట లేదా? పద్యములో సంయుక్తాక్షరమునకు ముందున్నది గురువగుటయు ఇందువలననే. 'ఫాల్సిపారం' అని దీర్ఘముతో పలుకుటయు వాడుకలో నున్నది. దానివలన హాని లేదు.

లాటిను భాషలో 'ఫాల్క్స్' అనగా కొడవలి. ఈ సూక్ష్మజీవి ఒక దశలో నెలవంకవలె వంగి కనిపించుటచే ఆ పేరు కలిగినది. వంశపారంపర్యముగా వచ్చు కొడవలి కణవ్యాధి వేరు. ఇది దోమకాటువలన వచ్చునది. దోమ కడుపులో మలేరియా జీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే కనుగొనెను.

పి.వి. అనగా ప్లాస్మోడియమ్ వైవాక్స్. దీనిని వై - వాక్స్ అని పలుకవలెను. ఇది కాలేయములో దాగి, నెలల తరువాత మరల జ్వరము తెచ్చును. అందుచే క్లోరోక్విన్ 3 దినములే యైనను, ప్రైమాక్విన్ 14 దినములు ఇత్తురు. ఫాల్సిపరమ్ మెదడునకు సోకి త్వరలో ప్రాణము తీయగలదు. దానికి ఆర్టిసునేట్ (ఆర్ - టి - సు - నేట్) కలిసిన మందులు 3 దినములు ఇత్తురు. గర్భిణులకు, పసిబిడ్డలకు ప్రైమాక్విన్ ఈయరాదు. కావున ఒకరి మందు మరియొకరు వాడరాదు. జ్వరము తగ్గినదని మధ్యలో మానరాదు.

రోగి మగతగా నున్నను, ఫిట్స్ వచ్చినను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. చీటిని వెంట గొనిపోవలెను. చీటి వానలో తడిసిపోయినను, "ఫాల్సిపరమ్ అని చెప్పినారు" అని ఇంటివారు పలుకగలిగిన చాలును. ఏ జ్వరమో వైద్యునికి వెంటనే తెలియును. ఈ మాటను ఇంటింట పదిమారులు పలికి నేర్చుకొందము.