ముందు చక్రాలు ఎందుకు తిరగలేదు?

యూనియన్ వారు సావనీరుకు వ్యాసం అడిగినప్పుడు ఏమి వ్రాయాలో తోచలేదు. ఆఖరికి కిందటి వేసవిలో మా మామయ్య తోటలో నాకు జరిగిన పరాభవాన్నే పాఠంగా వ్రాస్తున్నాను. లెక్చరరు గార్లు తప్పులుంటే మన్నించాలి. తోటి విద్యార్థులు నవ్వుకుంటే నాకభ్యంతరం లేదు.

నూజివీడు నుంచి ఆగిరిపల్లి వైపు పోతే మామిడితోటలే గదా. (2022లో మేము కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాం గాని రసాల రుచి మారలేదు.) మే నెలాఖరున, కాయ దింపిన రాత్రే వాన కొట్టింది. తెల్లారేసరికి తోటబాట ఎర్రటి అడుసు. జీపు వెనక చిన్నరసాల ట్రేలు నిండుగా ఉన్నాయి, నున్న మార్కెట్టుకు పోవాలి. బంగినపల్లి అయితే కొంత ఆగుతుంది, రసం కాయ ఆగదు. మామయ్య ఫోర్‌వీల్ లివరు లాగి క్లచ్చి వదిలాడు. వెనక చక్రాలు గుంట తవ్వాయి. ముందు చక్రాలు మొరాయించిన ఎద్దుల్లా నిలబడ్డాయి.

"ఏరా అల్లుడూ, మెకానికల్ చదువుతున్నావుగా, చూడు మరి" అన్నాడు మామయ్య.

నేను బానెట్ ఎత్తాను. ఎందుకెత్తానో ఇప్పటికీ తెలియదు. పక్క తోట ట్రాక్టరు మా జీపును గట్టినేల మీదికి లాగిపెట్టి తన లోడుతో వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే వచ్చిన మెకానిక్కు ట్రాన్స్‌ఫర్ బాక్సు దింపాలి, రెండు రోజులు పడుతుంది అన్నాడు. రెండు రోజులంటే ట్రేల మీద ఆశ వదులుకోవడమే.

అప్పుడు గుర్తొచ్చింది, శక్తి నడిచే దారి. మన దేశంలో మహీంద్రా వారు బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీపు వంశంలోని పాత బండ్లలో ఆ దారి సులభం. గేరుబాక్సు నుంచి ట్రాన్స్‌ఫర్ బాక్సుకు వచ్చిన తిరుగుడు వెనక్కి ఎప్పుడూ పోతుంది. లివరు వేస్తే లోపల పళ్ళు కలిసి ముందుకూ పోతుంది. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియలు, యాక్సిలు, చివరికి హబ్బు. ఆ తిరుగుడు ఎక్కడ ఆగిందో చూడకుండా పెట్టె విప్పడమంటే కాలినొప్పికి పళ్ళు పీకినట్టే.

బండి అడుసులో ఉండగా నేను దూరంగా వంగి చూశాను. వెనక చక్రాలతో పాటు ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కూడా తిరుగుతూనే ఉంది! అంటే లివరూ, ట్రాన్స్‌ఫర్ బాక్సూ నిర్దోషులు. (ఇంజను నడుస్తుండగా ఎవరూ బండి కిందకు దూరవద్దు.) ఆ షాఫ్టు తిరగకపోతే మాత్రం లివరు కింద కడ్డీల పిన్ను అరిగిందా, మట్టి పట్టిందా చూడాలి. పళ్ళు ఎదురుబొదురు నిలిచి కలవకపోతే బండిని ఒక అడుగు కదిలిస్తే పడిపోతుంది.

మామయ్య జీపుకు ముందు హబ్బుల మీద తిప్పే బిళ్ళలున్నాయి. ఫ్రీలో ఉంటే యాక్సిలు తిరిగినా చక్రం తిరగదు. రెండు బిళ్ళలూ లాక్ గుర్తు దగ్గరే ఉన్నాయి. బయట గుర్తు ఒకటి, లోపల సంగతి ఒకటి కావచ్చు గదా! వెనక చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, ముందు చక్రాలు రెండూ జాకీతో లేపి స్టాండ్లు పెట్టించాను. ఇంజను ఆపి లివరు ఫోర్‌వీల్‌లో ఉంచాను. షాఫ్టు కదలదు కనుక కుడి చక్రం తిప్పితే ఎడమది ఎదురు దిశలో తిరగాలి. తిరగలేదు. కుడిచక్రం బరువుగా తిరిగింది, ఎడమచక్రం తేలిగ్గా గిర్రున తిరిగింది. దొంగ ఎడమ హబ్బులో ఉన్నాడు.

అయితే ఒక హబ్బు పట్టకపోతే రెండు చక్రాలూ ఎందుకు పనిచేయలేదు? పరీక్షలో డిఫరెన్షియలు బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్న నాకు ఆ రోజే అర్థమైంది. అది అడ్డులేని వైపుకే తిరుగుడు పంపిస్తుంది. ఎడమ యాక్సిలు ఉత్తగా తిరుగుతుంటే కుడివైపు బలం పుట్టదు.

మూత విప్పితే లోపల మట్టి కలిసి జిగురైన గ్రీజు, లాకు రింగు అందులో ఇరుక్కుని జరగడం లేదు. డీజిలుతో కడిగి, ఆరబెట్టి, పల్చగా గ్రీజు రాశాం. అంత గ్రీజు ఎవరు దట్టించారని అడిగితే మామయ్య ట్రేల వైపు తిరిగాడు.

"మంచిదేగా అని పెట్టానురా" అన్నాడు కాసేపాగి.

కొత్త బండ్లలో లివరుకు బదులు స్విచ్చి ఉంటే ఫ్యూజు, మోటారు చూడాలి. వ్యాక్యూమ్‌తో పట్టేవాటిలో గొట్టం ఎలుక కొరికిందేమో చూడాలి. దారి మాత్రం అదే. మరొక్క మాట. ఈ పాత జీపుల్లో ఫోర్‌వీల్ వేసి ఎండిన తారురోడ్డు మీద పోకూడదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి, షాఫ్టులు మెలిపడి లివరు వెనక్కి రాదు. నాలుగు టైర్లూ ఒకే సైజువి కాకపోయినా అదే తంటా.

మధ్యాహ్నం మూడింటికి జీపు అడుసు దాటింది. సాయంత్రానికి నున్న చేరాం. కింది ట్రేల్లో కొన్ని మెత్తబడ్డాయి, ఆ మేరకు ధర తగ్గించారు. మామయ్య మెత్తటి కాయ ఒకటి నాకిచ్చి, "ఫీజు" అన్నాడు.