చలి నేర్పిన పాఠము

మద్రాసు ఎండలకు అలవాటుపడిన గణితవేత్త శ్రీనివాస రామానుజన్ 1914వ సంవత్సరమున కేంబ్రిడ్జి చేరెను. అచటి చలి ఆయనను మిక్కిలి బాధించెను. ఒకనాడు మిత్రుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్ వచ్చి, రాత్రులు వెచ్చగా నున్నదా యని అడిగెను. కోటు తొడిగి శాలువ కప్పుకొన్నను చలి తీరుట లేదని రామానుజన్ చెప్పెను. మహలనోబిస్ పడకను చూచెను. దానిపై కంబళ్లు పెక్కులుండెను. కాని వాని అంచులు పరుపు క్రింద బిగుతుగా దోపబడి యుండెను. వానిని తొలగించి లోపల పరుండవలెనని రామానుజన్ ఎరుగడు. పై దుప్పటి మాత్రమే కప్పుకొనుచుండెను. మిత్రుడు పరిహసింపక ఆ పద్ధతిని చూపెను. రామానుజన్ హృదయము కరగెను.

సంఖ్యల మర్మములెరిగిన మహామేధావికిని క్రొత్త ఊరిలో చిన్న సంగతి చెప్పువారు కావలసివచ్చెను. తెలియనిది అడుగుట చిన్నతనము కాదు. అడుగకున్నను గుర్తించి చెప్పుట స్నేహధర్మము.