బాడుగ ఇంటిపై పెట్టుబడి: కొత్తవారికి కొన్ని సూచనలు

మన నెల్లూరు సీమలో అద్దెను బాడుగ అంటారు. ఉర్దూలో దానినే కిరాయా అంటారు. పేరు ఏదైనా, నెల తిరిగేసరికి చేతికందే ఆ సొమ్ముపై మధ్యతరగతి కుటుంబాలకు ఎంతో ఆశ. వడ్డీ సొమ్ము ముట్టరాదని భావించే ఇళ్లలో ఆ ఆశ మరింత ఎక్కువ. ఏటా మొహర్రం మాసంలో బారాషహీద్ దర్గా వద్ద, స్వర్ణాల చెరువులో, సొంతింటి రొట్టె కోసం చేయి చాచే జనాన్ని చూస్తే ఇంటి కోరిక ఎంత గాఢమైనదో తెలుస్తుంది.

అయితే ఉండడానికి ఇల్లు కట్టుకోవడం వేరు, బాడుగకు ఇవ్వడానికి ఇల్లు కొనడం వేరు. మొదటిది అవసరం, రెండవది వ్యాపారం. ఈ భేదాన్ని గుర్తించక జీవితకాలపు పొదుపును పోగొట్టుకున్నవారు మన చుట్టూ ఉన్నారు. ఇది పెద్దలకు చెప్పవలసిన పాఠం కదా, విద్యార్థులకెందుకు అని కొందరు అడగవచ్చు. పత్రాలు చదివి అర్థం చేసుకోగలవారు అనేక కుటుంబాలలో విద్యార్థులే. తండ్రి పదవీ విరమణ సొమ్ము ఎక్కడ పెట్టాలన్న చర్చ వచ్చిన రోజున మాట చెప్పవలసినవారు వారే. అందుకే ఈ వ్యాసం.

1. లెక్క ముందు, ఇల్లు తరువాత

ఒక ఉదాహరణ తీసుకుందాం. 40 లక్షలకు ఒక ఇల్లు కొన్నాము, నెలకు 10,000 రూపాయలు బాడుగ వస్తున్నది అనుకుందాం. ఏడాదికి 1,20,000, అనగా పెట్టుబడిపై 3 శాతం. ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే 10,000 పోయింది. సున్నం, రంగులు, మరమ్మతులకు 15,000, ఇంటిపన్ను వగైరాలకు 5,000 తీసివేస్తే మిగిలేది 90,000. అది 2.25 శాతం మాత్రమే.

ఇందులో 30 లక్షలు అప్పు చేసి ఉంటే లెక్క ఇంకా మారుతుంది. 9 శాతం వడ్డీపై 20 ఏళ్లకు నెలవాయిదా సుమారు 27,000. వచ్చే బాడుగ పోగా ప్రతి నెలా మరో 17,000 జేబులోనుంచి కట్టాలి. 20 ఏళ్లలో 30 లక్షల అప్పునకు దాదాపు 65 లక్షలు చెల్లిస్తాము. "స్థలం ధర పెరుగుతుంది కదా" అంటారు. పెరగవచ్చు. కాని అది ఆశే గాని ఆదాయం కాదు. నెలవాయిదాను ఆశతో కట్టలేము.

బాడుగపై ఆదాయపు పన్ను కూడా ఉన్నది. స్థానిక పన్నులు తీసివేసిన తరువాత మిగిలినదానిలో 30 శాతం మినహాయింపు లభిస్తుంది. దీనిని కూడా లెక్కలో చేర్చుకోవాలి.

2. ఉండేదెవరు?

ఇల్లు ఎక్కడ ఉన్నదన్న ప్రశ్న కన్న, అందులో ఎవరు ఉంటారన్న ప్రశ్న ముఖ్యం. కృష్ణపట్నం రేవు ఇందుకు మంచి పాఠం. 2008లో రేవు పని ప్రారంభించింది. ముత్తుకూరు ప్రాంతంలో, నేలటూరు వద్ద, విద్యుత్ కేంద్రాలు లేచాయి. నిర్మాణం సాగినంతకాలం వేలాది కార్మికులకు గదులు కావాలి. నిర్మాణం ముగిసిన తరువాత కేంద్రాన్ని నడపడానికి అందులో కొద్దిమంది చాలు. పెరిగిన గిరాకీని శాశ్వతమని నమ్మి గదులు కట్టినవారికి ఖాళీ గోడలు మిగులుతాయి. 2012లో మొదలైన కంటైనర్ టెర్మినల్‌కు 2024 ప్రారంభంలో ఓడలు రావడం ఆగిపోయింది. ఒకే సంస్థను నమ్ముకున్న బాడుగ ఆ సంస్థ తుమ్మితే ఊడుతుంది. బడి, ఆసుపత్రి, కార్యాలయాలు, బస్టాండు కలిసి ఉన్నచోట ఒకరు పోయినా మరొకరు వస్తారు.

3. పత్రాల పరిశీలన

కొన్నేళ్ల క్రితం సముద్రతీరం వైపు చౌకగా వచ్చిందని మేమొక స్థలానికి 50,000 బయానా ఇచ్చాము. దస్తావేజు చక్కగా కనిపించింది. తీరా విచారిస్తే అది పూర్వం భూమిలేని పేదకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమి. బయానా తిరిగి రాలేదు. అడగవలసిన ప్రశ్న ముందు అడగకపోవడం మా తప్పే.

అసైన్డు భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. 20 ఏళ్లు నిండిన భూములకు 2023లో సవరణ వచ్చినా, అది మనం కొనే సర్వే నంబరుకు వర్తిస్తుందో లేదో రెవెన్యూ కార్యాలయంలో తేల్చుకోవాలి. రిజిస్ట్రేషను చట్టం 22-ఎ క్రింద నిషేధిత భూముల జాబితా ఉంటుంది. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో చేరుతాయి. వక్ఫ్ ఆస్తిని దాని ముతవల్లి అయినా సొంత ఆస్తివలె అమ్మజాలడు.

ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. వారసుల వాటాలు కనిపించవు. అన్నదమ్ముల సంతకాలతో తృప్తిపడరాదు. ఇస్లాం ధర్మశాస్త్రంలో కుమార్తెకు వాటా ఉన్నది. 2005 సవరణతో హిందూ ఉమ్మడి కుటుంబంలోనూ కుమార్తెకు సమాన హక్కు వచ్చింది. తీరంలో మరొక చిక్కు కోస్తా నియంత్రణ మండలి నిబంధనలు. 1991లో మొదలై 2011, 2019లలో మారిన ఆ నిబంధనలు పోటునీటి రేఖనుంచి 500 మీటర్ల వరకు వర్తిస్తాయి. ఆటుపోట్లు వచ్చే కాలువల గట్లు కూడా వాటి పరిధిలోనివే.

4. ఉప్పుగాలి, తుపాను

1989 నవంబరు తుపాను కావలి వద్ద తీరం దాటింది. 2021 నవంబరులో పెన్న పొంగి లోతట్టు కాలనీలను ముంచింది. కనుక ఇల్లు కొనేముందు ఇరుగుపొరుగును "2021లో నీరు ఎంతవరకు వచ్చింది?" అని అడగాలి. గోడమీది మరక అబద్ధం చెప్పదు.

తుపాను ఏనాడో వస్తుంది. ఉప్పుగాలి రోజూ వస్తుంది. ఉప్పు కాంక్రీటులోకి దిగి ఇనుమును తుప్పుపట్టిస్తుంది. తుప్పు ఉబ్బి పెచ్చులు ఊడతాయి. తీరప్రాంతపు కట్టడాలకు ఎం30 రకం కాంక్రీటు, ఇనుపకడ్డీలపై 45 మిల్లీమీటర్ల పూత ఉండాలని భారత ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతున్నది. ఉప్పునీటి బావి నీళ్లతో కలిపిన కాంక్రీటు ఇల్లు చౌకగా వచ్చినా తీసుకోరాదు.

5. బాడుగదారుతో వ్యవహారం

ఏడాదికి మించిన ఒప్పందానికి 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషను తప్పనిసరి. పదకొండు నెలల కాగితం వాడుకలోకి వచ్చినది ఇందువల్లనే. కాగితం ఏదైనా అడ్వాన్సు ఎంత, మరమ్మతు ఎవరిది, ఖాళీ చేయడానికి గడువెంత అన్నవి స్పష్టంగా వ్రాసుకోవాలి. బాడుగ ముట్టినట్లు ప్రతి నెలా రశీదు ఇవ్వాలి. తగాదా వస్తే నీళ్లు, కరెంటు ఆపడం తగదు, న్యాయస్థానమే దారి.

మరొక్క మాట. చదువుకునే రోజుల్లో మేము గది కోసం తిరిగినప్పుడు, మా పేరు వినగానే "ఇల్లు ఖాళీ లేదు" అన్నవారు ఉన్నారు. గుమ్మానికి వ్రేలాడుతున్న "టు లెట్" పలక మాత్రం అలాగే ఉండేది. రేపు మనం ఇంటి యజమానులమైతే వచ్చినవారిని బాడుగ కట్టగలరా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అని అడుగుదాం. కులమతాలు అడగవద్దు.

ముగింపు

కొత్తవారు పెద్ద అప్పుతో ప్రారంభించడం కన్న, ఉన్న ఇంటిపైనే ఒక చిన్న పోర్షను వేసి బాడుగకు ఇవ్వడం మేలు. స్థలం ఖర్చు లేదు, పత్రాల చిక్కు లేదు, ఇల్లు కళ్లముందే ఉంటుంది. బాడుగదారుతో మెలగడం, మరమ్మతు ఖర్చు, ఖాళీ నెలల బాధ అన్నీ తక్కువ నష్టంతో నేర్చుకోవచ్చు. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకొని, ఆడపిల్ల చదువుకు, పెద్దల వైద్యానికి దాచినది ముట్టకుండా, మిగిలినదానితోనే ఈ పనికి పూనుకోవాలని మా సలహా.