సత్రం దిండుకు పేలు ఉంటాయా?

యాత్రకు వెళ్లినవాళ్లు సత్రంలోనో లాడ్జిలోనో దిగుతారు. అక్కడి దిండు చూసి చాలామంది ఆడవాళ్లు జంకుతారు. "ఎవరెవరు పడుకున్నారో! పేలు ఎక్కుతాయేమో!" అంటారు.

పేనుకు రెక్కలు లేవు. ఎగరలేదు. గెంతలేదు. పాకుతుంది, అంతే. మనిషి తలలోని రక్తమే దాని తిండి. తల విడిచిన పేను 1, 2 రోజుల్లో చస్తుంది. ఈపి పగిలి పిల్ల రావాలన్నా తల వేడి కావాలి.

కాబట్టి దిండు వల్ల పేలు రావడం తక్కువ. తలకు తల తగిలితేనే ఎక్కువగా వస్తాయి. పిల్లలు తలలు ఆనించి పడుకుంటే ఒకరి పేలు ఒకరికి ఎక్కుతాయి.

అయినా జాగ్రత్త మంచిది. దిండు మీద సొంత తువ్వాలు పరుచుకోవాలి. ఒకరి దువ్వెన ఒకరు వాడకూడదు.

పేలు పడితే సిగ్గుపడనక్కర లేదు. శుభ్రమైన తలకూ పడతాయి. తల తడిపి, పాయలు తీసి, పేల దువ్వెనతో దువ్వాలి. ఈపి పగలడానికి 7 నుండి 10 రోజులు పడుతుంది. అందుకే 3 రోజులకొకసారి, 3 వారాలు దువ్వాలి. ఇంట్లో అందరి తలలూ చూడాలి.

కొందరు తలకు కిరసనాయిలు రాస్తారు. పొలం పురుగుమందు కూడా రాస్తారు. వద్దు! కిరసనాయిలు రాసిన జుట్టుకు పొయ్యి మంట అంటుకుంటుంది. పురుగుమందు చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. పేను ప్రాణం తీయదు. ఆ మందు తీస్తుంది. మందు కావాలంటే ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను అడగాలి.

చెప్పండి:
1. పేలు ఎక్కువగా ఎలా వస్తాయి?
2. తలకు ఏవి రాయకూడదు? ఎందుకు?